కోమలి నేనే

జాతరలో బండవేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టొచ్చు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని వీధిన పడ్డాడంటే వాడికి వార్డు మెంబరైనా, మేనత్తయినా ఒకటే. తిట్టు తిన్నవాళ్ళు కోప్పడకూడదు. గంగమ్మే తిట్టించింది, పీడ పోయింది అనుకుని దణ్ణం పెట్టుకోవాలి. తిరుపతిలో పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు.

ఇంటర్నెట్టులో నేను చేసే పనీ అదే. నా బ్లాగు పేరు ‘బండవేషం’. తెలుగులో సొంత బ్లాగులు రాసుకునేవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, సంత ఎత్తేసినాక కూడా తట్ట ముందర పెట్టుకుని కూర్చున్నవాళ్ళలాగా. వాళ్ళే తమ బ్లాగు అడ్రసు నాకు పంపుతారు. నేను చదివి, రాత ఒక భాగం, రూపు ఒక భాగం చేసి ఏకిపారేస్తాను. రాత అంటే వాక్యం, మాట, చెప్పే తీరు. రూపు అంటే అక్షరాలు, రంగులు, ఫోటోలు, పేజీ అమరిక. మెచ్చుకోవడం నా దగ్గర ఉండదు. మెచ్చుకోవడానికి వాళ్ళకు చుట్టాలు బోలెడంతమంది ఉంటారు.

నేనెవరో చదివేవాళ్ళకు తెలియదు. ఏదో యూనివర్సిటీలో రిటైరైన తెలుగు మేష్టారని వాళ్ళ నమ్మకం. నేను ఏకాంబరాన్ని. తాతయ్యగుంట గంగమ్మ గుడికి రెండు వీధుల అవతల డీటీపీ షాపు నాది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చడానికి పోయినవాడిని. ఊళ్ళో కవులందరి పుస్తకాలూ నా చేతుల మీదుగా అచ్చయ్యాయి. నేను రాసిన కథలు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. స్టాంపు అంటించి పెట్టిన తిరుగు కవర్లలో పెళ్ళయిన కూతుర్లలాగా ఇంటికొచ్చి కూర్చునేవి. ఆఖరికి కవర్లు పెట్టడం మానేశాను, తర్వాత రాయడం మానేశాను. ఎదుటివాడి రాతలో తప్పు పట్టే కన్ను ఒకటి మిగిలింది.

ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, పక్క షాపులో బైండింగు, లామినేషను చేసే పాల్. నా సమీక్షలన్నీ చదువుతాడు. “నీకు పుణ్యం రాదు గానీ అప్పా, కడుపు సల్లబడతాది,” అంటుంటాడు.

ఈ ఏడు జాతరకు ముందు నాకొక మెయిలు వచ్చింది. పేరు కోమలి. సొంత ఊరు పాకాల. శ్రీ సిటీలో ఒక కంపెనీలో పని, అక్కడికి దగ్గర్లోనే హాస్టల్లో ఉంటుంది. “అన్నా, నా బ్లాగు చూడండి. దాచుకోకుండా తిట్టండి. జాతర తిట్లు మా పాకాలోళ్ళకూ తెలుసు,” అని రాసింది.

బ్లాగు పేరు ‘రెండో షిఫ్టు బస్సు’. ఒక పెళ్ళిపత్రిక ప్రూఫు చేతిలో పెట్టుకుని ఊరికే తెరిచాను. పత్రిక వేయించుకునే పార్టీ వచ్చి ఎదురుగా నిలబడి దగ్గేదాకా తల ఎత్తలేదు.

చార్జర్ల లైను మీద పని చేసే ఆడపిల్లల గురించి రాసుకుంది. చిన్న చిన్న తీగలు నొక్కి నొక్కి బొటనవేలి చర్మం ఊడిపోతే, గేటు దగ్గర వేలిముద్ర మిషను తనను గుర్తుపట్టదంట. “నేను నేనే అని ఆ మిషనుకు ఎవరు సాక్ష్యం చెప్తారు?” అని రాసింది. లైను మధ్యలో లేచి పోవాలంటే సూపర్వైజరు మొహం చూడాల్సి వస్తుందని, నీళ్ళు తక్కువ తాగడం ఎలా అలవాటు చేసుకున్నారో ఇంకో దాంట్లో రాసింది. ఒకటి మరీ చిన్నది. “అమ్మ ఫోను చేసి అన్నం తిన్నావా అంటుంది. తిన్నా అంటాను. ఏం తిన్నావని అడగదు. అడిగితే ఇద్దరికీ కష్టం.” అంతే. అక్కడితో అయిపోయింది.

నాకు కడుపులో మంట లేచింది. ముప్పై ఏళ్ళు అక్షరాల మధ్య బతికి నేను రాయలేని వాక్యం, బస్సులో కూర్చుని ఫోనులో బొటనవేలితో కొట్టేసింది ఈ పిల్ల. చర్మం ఊడిన బొటనవేలితో.

జాతరలో రోజుకొక వేషం, అందులో బండవేషం రోజున సమీక్ష పెట్టాను. ఏటా ఆ రోజు ఒక పెద్ద తిట్టు పెట్టడం నా ఆనవాయితీ. ఈ పిల్లకు మొదలుపెట్టడమే గానీ ఆపడం తెలియదన్నాను. బస్సు టైరు దగ్గర ఎత్తుకుని అమ్మమ్మ చెవికమ్మల దాకా ఈడ్చుకుపోతుందన్నాను. కష్టాలు చెప్పుకుంటే సాహిత్యం అయిపోతుందా అన్నాను. రూపు దగ్గరికొచ్చేసరికి నా చేయి మరీ ఆగలేదు. పేజీ నెత్తిన ఒక ఫోటో ఉంది. ఇనుప అలమరాలు వరసగా నిలబడి ఉంటాయి. మసకమసకగా, పొగలో తీసినట్టుంది. దాని మీద నారింజరంగు అక్షరాలు. తిట్టి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఆ ఫోటోను నా సిస్టంలోకి లాగి, మసక తీసి, వెలుతురు పెంచి, అంచులు తేల్చి, పక్కనే పెట్టాను. “ఫోటో అంటే ఇట్లా ఉండాలి తల్లీ,” అని కింద రాశాను.

చాలామంది పంచుకున్నారు. నవ్వుకున్నారు. పాల్ టీ తాగుతూ చదివి, ఈసారి కుంకుమ కొంచెం ఎక్కువ పూసుకున్నావు అని మాత్రం అన్నాడు.

మరుసటి రోజు కోమలి మెయిలు వచ్చింది. ఈసారి తిట్ల గురించి ఒక్క ముక్క లేదు.

“అన్నా, ఆ ఫోటో తీసెయ్యండి. మీరు బాగుచేసిన దాంట్లో అలమరా మీద నంబరు కనిపిస్తా ఉండాది. అది నాది. లోపలికి పోయేటప్పుడు ఫోను ఆ అలమరాలో పెట్టి తాళం వెయ్యాల. లోపల ఫోటో తీస్తే పనిలోంచి తీసేస్తారు, చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారు. మీ పేజీ మా కంపెనీ గ్రూపుల్లో తిరగతా ఉండాది. నేను కాదని చెప్పినాను. సోమవారం ఆఫీసుకు రమ్మన్నారు. ఈ పని పోతే మా నాయన నన్ను మళ్ళీ గడప దాటనీడు. ఆయన కాసుకోని ఉండేది దానికే.”

నా పేజీ తెరిచి చూశాను. ఆమె పెట్టిన ఫోటోలో ఆ నంబరు ఒక మరక. నేను పెట్టిన దాంట్లో, పెళ్ళిపత్రికలో వధువు పేరంత స్పష్టంగా ఉంది. నేనే తేల్చాను. దాని అంచులు చెక్కడానికి ఎంత ముచ్చటపడ్డానో నాకు గుర్తుంది.

వెంటనే తీసేశాను. తీసేసి ఏం లాభం? అప్పటికే ఎవరెవరి ఫోనుల్లోకో పోయింది. కింద కామెంట్లలో ఒకడు, ఇవి మా బ్లాకు అలమరాలే, నీళ్ళు తాగని పోస్టు ఎవరి గురించో మాకు తెలుసు, అని రాసిపోయాడు. వాడి కామెంటు తీసేశాను. ఇంకొకడు, ఎందుకు తీసేశారు సార్ అని అడిగాడు. అదీ తీసేశాను. తీసేకొద్దీ ఏదో ఉందని అందరికీ తెలిసిపోతోందని అర్థమై, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు చేసిన పనులన్నీ తప్పులే. ఒక గృహప్రవేశం పత్రికలో ఇంటాయన పేరు ఉండాల్సిన చోట మేస్త్రీ పేరు పెట్టాను. ఫోను గుయ్‌మంటే పని వదిలేసి చూసేవాణ్ణి. ఇంట్లో నా భార్య మునిలక్ష్మి, నేను మజ్జిగలో ఉప్పుకు బదులు చక్కెర వేసుకుని తాగుతుంటే చూసి, ఒంట్లో ఎట్లుండాది అని అడిగింది. ఒక పార్టీకి వేసిన ఫోటోలో పొరపాటు జరిగింది, శ్రీ సిటీ దాకా పోయి చెప్పుకోవాలి అన్నాను. చాటింపు వేసినాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు కదా అని ఆమె. పొద్దున పోయి పొద్దుగూకేలోగా వస్తానన్నాను. “పోయి ఏం జెప్తావు?” అంది. నిజమే. గేటు దగ్గర నిలబడి, అయ్యా ఆ నంబరు పిల్ల అమాయకురాలు అంటే, ఆ నంబరు పిల్లే అని నేనే చేయి పట్టి చూపించినట్టు.

పాల్‌కు అంతా చెప్పాను. ఫోటో తప్పుడు ఫోటో అని రాయి అన్నాడు. ఎవరు నమ్ముతారు అన్నాను. ఆ పిల్లనే బ్లాగు మొత్తం తీసేయమను అన్నాడు. తీసేస్తే దొంగ పారిపోయినట్టే కదా అన్నాను. “అయితే ప్రార్థన చేద్దాం,” అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. నిజంగానే కళ్ళు మూసుకున్నాడు.

శనివారం, జాతరలో దొరవేషం కట్టే రోజు, పొద్దున షాపులోకి ఒక పెద్దావిడ వచ్చింది. ఎర్రంచు పసుపు చీర, తలనిండా మల్లెపూలు, చేతులకు గాజులు, నుదుటిన రూపాయి కాసంత బొట్టు. ఏం కావాలమ్మా అన్నాను.

“ఫోటో దియ్యాలప్పా. ఇంట్లో దేవుడి కాడ పెట్టుకోడానికి,” అని మగగొంతుతో అంది.

అరటిపండ్ల బండి గోవిందయ్య. రోజూ వాడి దగ్గర పండ్లు కొనేవాణ్ణి, మీసం తీసేసి చీర కట్టేసరికి పోల్చుకోలేకపోయాను. మోకాలు నొప్పి తగ్గితే ఆడవేషం కడతానని అమ్మవారికి మొక్కుకున్నాడంట. పాల్ గడపలో నిలబడి, “అత్తా, పండ్లు ఎంతకిస్తావు?” అన్నాడు. గోవిందయ్య చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి వాడిని నాలుగు తిట్లు తిట్టాడు. పాల్ నవ్వుతూ దణ్ణం పెట్టాడు. వీధిలో పోయే ఆడవాళ్ళు ఆగి, గోవిందయ్యకు పసుపు కుంకుమ ఇచ్చి పోయారు. ఎందుకు చీర కట్టావని ఒక్కరూ అడగలేదు. అడగరు. ఈ ఊళ్ళో ఈ వారం మగవాడు చీర కట్టాడంటే దానికి కారణం మొక్కే. ఇంకో కారణం ఎవరికీ తోచదు.

కెమెరాలోంచి అతన్ని చూస్తుంటే నాకొక దారి కనిపించింది. ఫోటో కదిలిపోయింది. మళ్ళీ తీశాను.

గోవిందయ్య పోగానే కోమలికి మెయిలు రాశాను. నీ పేరున ఆడవేషం కట్టింది నేనేనని చెప్పబోతున్నాను, నీకు సమ్మతమేనా అని. జవాబు రాలేదు. గంటగంటకూ చూశాను. ఆదివారం కూడా చూశాను. రేపే సోమవారం. డ్యూటీలు మార్చి వరసగా రెండు షిఫ్టులు వేస్తే ఈ పిల్లలు హాస్టలుకు పోయి పడిపోవడమే తప్ప ఫోను తెరవరని ఆమే ఒకచోట రాసింది. ఇంక ఆగలేకపోయాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రాశాను.

‘కోమలి నేనే’ అని పేరు పెట్టాను. నా పేరు, నా షాపు, నా ఫోను నంబరు, నా మొహం ఫోటో, అన్నీ పెట్టాను. గంగమ్మకు ఆడవేషం మొక్కు ఉంది, చీర కట్టి వీధిలో నడిచే ఓపిక లేక బ్లాగులో కట్టాను అని రాశాను. మా జిల్లాలో శ్రీ సిటీకి పోయే పిల్ల లేని వీధి ఏది, వాళ్ళు చెప్పుకునేవి విని రాశాను అన్నాను. అలమరాలు పాత ఇనుపసామాన్ల అంగట్లో ఉన్నవి, నంబరు స్టిక్కరు నా షాపులో కొట్టి నేనే అంటించాను, ఏ కంపెనీకీ ఏ మనిషికీ సంబంధం లేదు అన్నాను. జాతర కదా, నన్ను నేనే తిట్టుకుని వేషం పూర్తి చేశాను, మన్నించండి అని ముగించాను.

అంతకాలం మేష్టారు అనుకున్న మనిషి ఎనిమిది కూడా దాటని డీటీపీ వాడని ఆ పూట లోకానికి తెలిసిపోయింది. ఇంకో రోజైతే దానికే చచ్చేంత సిగ్గుపడేవాణ్ణి. ఆ పూట దాని గురించి తలచుకోవడానికి తీరిక లేదు.

సోమవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. కంపెనీ ఆఫీసులో మనుషుల వ్యవహారాలు చూసే ధర్మేంద్ర అని చెప్పుకున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. అలమరా ఎక్కడిది, స్టిక్కరు ఎక్కడిది అని అడిగాడు. చెప్పాను. మరి సరిగ్గా మా దగ్గర పనిచేసే పిల్ల నంబరే ఎట్లా పడింది అన్నాడు.

“ఏదో ఒక నంబరు ఎయ్యాల గదా సార్. ఏదేసినా ఎవురిదో ఒకరిది అవుతాది,” అన్నాను.

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“మీది తాతయ్యగుంటేనా?” అన్నాడు. అవునన్నాను. “మాది కొర్లగుంట. మా నాయన కూడా ఒకేడు ఆడవేషం కట్టినాడు. నన్ను ఎత్తుకుంటే ఎవరో ఆడమనిషి అనుకోని ఏడ్చినానంట.” నవ్వాడు. గొంతు మారిపోయింది. “ఆ పిల్లను ఊరికే పిలిపించినాము, పాపం. ఇప్పుడే టీ ఇప్పించి పంపినాను. నాకు మొదట్లోనే అనుమానం వచ్చిందిలెండి. లైను మీద పన్జేసే పిల్లోళ్ళు అంత బాగా యాడ రాస్తారు?”

జవాబు చెప్పాల్సి వచ్చింది.

“అవును సార్,” అన్నాను.

ఫోను పెట్టేసి పాల్ దగ్గరికి పోయి, నిలిచింది, ఉద్యోగం నిలిచింది అన్నాను. వాడు స్తోత్రం అని, టీలు చెప్పి, అప్పుడు అడిగాడు. ఇప్పుడు ఆ రాతలు ఎవరివి?

వాడి ప్రశ్నకు జవాబు జాతర అయ్యేలోగా ఊరంతా చెప్పింది. తనను తాను తిట్టుకున్న మొనగాడు అని నా గురించి రాశారు. ఆడమనసులోకి ఇంత లోతుగా దిగిన మగరచయిత లేడన్నారు. ఒకప్పుడు నా కథలు తిప్పి పంపిన ఒక పత్రిక సంపాదకుడు, ఇప్పుడు ఇంటర్నెట్టు పత్రిక నడుపుతున్నాడు, తానే ఫోను చేసి పుస్తకం వేద్దామన్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ వినాలనుకున్న మాటలన్నీ ఆ మూడు రోజుల్లో విన్నాను. ఒక్కొక్క మాటా వేరేవాళ్ళ పెళ్ళిలో నా మెడలో పడిన దండలాగా ఉండింది.

వీటన్నిటికంటే కష్టం ఇంట్లో. మునిలక్ష్మి ఎప్పుడూ నేను కొట్టినదేదీ చదవదు. పక్కింటివాళ్ళు చూపిస్తే చదివింది. అమ్మ ఫోను చేసే ముక్క చదివి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వంటింటి గడపలో కూర్చుంది. “నన్ను ఒక్కనాడు తిన్నావా అని అడగలా నువ్వు,” అంది. “లోపల ఇంత పెట్టుకోని ఉండావా?” నిజం చెప్పాలని నోటిదాకా వచ్చింది. మునిలక్ష్మికి చెబితే పక్కింటికి పోతుంది, పక్కింటావిడ తమ్ముడి కూతురు శ్రీ సిటీ బస్సే ఎక్కుతుంది. మింగేశాను. ఆ పూట ఆమె నాకు నెయ్యి కొంచెం ఎక్కువ వేసింది.

ఇంతలో కోమలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉద్యోగం ఉందని ధర్మేంద్ర చెప్పాడు, సరే. మరి పిల్ల ఏమైంది? మూడు మెయిళ్ళు రాశాను. బ్లాగులో కొత్తది ఏమీ రాలేదు. ఏ నంబరు నుంచి ఫోను వచ్చినా ఆమే అనుకుని ఎత్తేవాణ్ణి, ఆమె కాకపోతే ఊపిరి తీసుకునేవాణ్ణి, మళ్ళీ ఎందుకు చేయలేదని భయపడేవాణ్ణి. ఆమె ఏమంటే బాగుండునో కూడా నాకు తెలియదు.

గుడి ముందర మట్టితో నిలిపే అమ్మవారి విశ్వరూపంతో జాతర అయిపోయింది. అమ్మవారి మట్టి చెంప నరికి, ఆ మట్టి కోసం జనం తొక్కుకుని, ఎవరికి దొరికిన పిడికెడు వాళ్ళు తీసుకుని ఇళ్ళకు పోయారు. వీధి నిండా వాడిన వేపమండలు. గోవిందయ్య చొక్కా లుంగీలో బండి తోసుకుంటూ పోయాడు. మీసం ఇంకా మొలవలేదు గానీ, మనిషి మళ్ళీ గోవిందయ్యే.

ఆ సాయంత్రం షాపు ముందర ఒక పిల్ల నిలబడింది. పొట్టిగా, సన్నగా, భుజాన ఒక సంచీ. జిరాక్సుకేమో అనుకున్నాను. గల్లా మీద చేయి పెట్టినప్పుడు బొటనవేలు చూశాను. చర్మం పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. లేచి నిలబడ్డాను.

“కోమలి మీరేనంట గదా,” అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. పాకాల రైలుకు పోవాలంది. పాల్ సంగతి గ్రహించి, టీ తెస్తానని బయటికి పోయాడు. ఆఫీసులో ఇబ్బంది పెట్టారా అని అడిగాను. లేదంది. వాళ్ళు నవ్వారంట, బిస్కెట్లు కూడా ఇచ్చారంట. అక్కడి నుంచి బయటికి వచ్చి బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికిందంట. వెనక సీట్లో పిల్లలు ఫోనులో తన పోస్టులు గట్టిగా చదువుకుంటున్నారు. ఎవరో మగాయన మన గురించి ఎంత బాగా రాశాడో చూడవే అని తన భుజం తట్టి ఫోను చూపించారు.

“మీరు తిట్టినప్పుడు నాకు ఏడుపు రాలా,” అంది. “తిట్టించుకోడానికే గదా పంపింది. ఆ బస్సులో వచ్చింది.”

ముందే మెయిలు రాశాను కదమ్మా, నీ సమ్మతం అడిగాను కదా అన్నాను.

“ఫోను అలమరాలో ఉండె. మీకు తెలుసు గదా. మీరే రాసినారు గదా.”

ఇప్పుడే నిజం చెప్పేస్తాను, ఇప్పటికిప్పుడు రాసేస్తాను అని కీబోర్డు ముందుకు లాక్కున్నాను. ఆమె సంచీ తీసి కీబోర్డు మీద పెట్టింది.

“రాస్తే నా పని పోతాది. అప్పుడు అబద్ధం చెప్పినానని కూడా అంటారు.” కాసేపు వీధిలో వేపమండలు ఊడ్చేవాళ్ళను చూసింది. “మీ మాటకు గోవిందా అని నేనూ ఒప్పుకోక తప్పదు. పని కావాల నాకు. కానీ జాతర అయిపాయ. అందురూ వేషాలు తీసేసినారు. మీరెప్పుడు తీస్తారు?”

నువ్వు ఎప్పుడు తీయమంటే అప్పుడు అన్నాను.

“నేను ఆ పని మానుకున్న రోజు చెప్తా. అది ఎప్పుడో నాకే తెల్దు. అందాకా పుస్తకం ఎయ్యగూడదు.”

వెయ్యను అన్నాను.

“ఎవురన్నా మెచ్చుకుంటే ఊరికే తలూపగూడదు.”

“మరేం జెయ్యాల?”

“తిట్టండి. మీకు వచ్చింది అదే గదా.”

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. సంచీ భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. అప్పటిదాకా పెద్దమనిషిలా మాట్లాడిన పిల్ల గొంతు సన్నబడింది.

“ఒకటి అడగతా, నిజం చెప్పండన్నా. దాంట్లో బాగుండేది ఒక్కటన్నా ఉండాదా?”

నోరు తెరిచాను. ఏళ్ళ తరబడి ఆ మాటలు పలకని నోరు. తాళం తుప్పు పట్టిన తలుపులాగా కదిలింది.

“అమ్మ ఫోను చేసేది. అడిగితే ఇద్దరికీ కష్టం అన్నావే, అక్కడ ఆపినావు సూడు. ఆడ ఆపేది నాకు రాదు.”

నాకు ఆపడం తెలియదని రాసినారు గదా అని ఆమె అనొచ్చు. అనలేదు. తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు తలాడించింది. “దాని కింద ఇంకా శానా ఉండె,” అంది. “తీసేసినాను.”

పాల్ టీలు తెచ్చేసరికి ఆమె వీధి మలుపు తిరిగింది. ఒక టీ మిగిలిపోయింది.

దీపాలు పెట్టే వేళకు మునిలక్ష్మి అన్నం క్యారియరు తెచ్చింది. జాతర తర్వాత పని ఎక్కువ ఉంటే నేను షాపులోనే తినడం అలవాటు. గిన్నెలు విప్పుతూ, ఇందాక ఎదురుపడిన పిల్ల ఎవరు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి అని అడిగింది. పాకాల పిల్ల, జిరాక్సుకు వచ్చింది అన్నాను. గోడవతల పాల్ మిషను ఆపడం వినిపించింది.

మునిలక్ష్మి నా ముందర ఆకు పరిచి అన్నం పెట్టింది. పోనీ కొత్తది ఏమన్నా రాశావా అని అడిగింది. లేదన్నాను. ఆమె ఆ పిల్ల పోయిన దారి వైపు చూసింది.

“అట్లాంటోళ్ళ మొగం చూసి, వాళ్ళ లోపలిది కనుక్కోని రాస్తావు గదా,” అంది. “అందురికీ వస్తాదా అది?”

ఎంత ప్రేమగా అందంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు.

తిట్టాలి. మాట ఇచ్చాను. రాతలో తప్పు వెతికినట్టు ఆమె మొహంలో తిట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతికాను. ఏదీ దొరకలేదు.

“నువ్వు తిన్నావా?” అన్నాను.